ముల్లు నూట ముప్ఫై మీద: కొత్తగా కారు కొన్నవారికి కొన్ని సలహాలు

కారు కొన్న కొత్తలో సలహాలిచ్చేవాళ్ళకి కొదవుండదు. టైర్లలో గాలి ఎంతుండాలో ఒకడు చెబుతాడు, ఇన్సూరెన్సు ఎక్కడ కట్టాలో ఇంకొకడు చెబుతాడు, నిమ్మకాయలు ఏ చక్రం కింద పెట్టాలో పక్కింటి పిన్నిగారు చెబుతారు. అసలు చెప్పాల్సింది మాత్రం ఎవరూ చెప్పరు. అందుకే నేను పూనుకున్నాను. పదకొండేళ్ళుగా హైదరాబాదు ఎల్బీనగర్‌కీ విజయవాడ బెంజి సర్కిల్‌కీ మధ్య తిరుగుతున్నవాణ్ణి. ఈ దారిలో నేను దాటని లారీ లేదు. నన్ను మళ్ళీ దాటని లారీ కూడా లేదు.

స్టీరింగు వెనకాల అద్దం కింద ఒక ముల్లు ఉంటుంది. బండి మొత్తంలో మీరు నమ్మదగ్గది అదొక్కటే. గడియారాన్ని నమ్మకండి, అది ఇంటివాళ్ళ పక్షం. వెనకసీట్లో లెక్కల మాస్టారు ఎవరైనా కూర్చుంటే ఆయన్ని అసలు నమ్మకండి. మా బావమరిది ఇంటర్ పిల్లలకి లెక్కలు చెబుతాడు. ఈ వ్యాసంలో అతను అడపాదడపా అడ్డొస్తాడు, పట్టించుకోకండి.

"ఎంతలో వెళ్ళారు?" అని ఎవరైనా అడిగితే

ఈ ప్రశ్నలో ఉన్న వెసులుబాటు గమనించండి. అడిగినవాడి ఉద్దేశం "ఎన్ని గంటల్లో" అని. మీరు మాత్రం "ఎంత స్పీడులో" అని అర్థం చేసుకోవాలి. "నూట ముప్ఫై రెండులో" అని చెప్పి, మీసం మీద చెయ్యి వేసుకుని, ఇంకో మాట మాట్లాడకుండా పక్కకి తప్పుకోవాలి. పెళ్ళిళ్ళలో నేను ఇదే చేస్తాను. గంటలు చెప్పారా, పక్కనే బస్సులో వచ్చినవాడు ఒకడు తగులుతాడు.

నేనేమీ కొత్తగా కనిపెట్టలేదు. సికింద్రాబాదు – విశాఖపట్నం వందేభారత్ సంగతే చూడండి. 2023 జనవరి 15న, సంక్రాంతినాడు మొదలైంది. ఆ రోజుల్లో మా కాలనీలో ఎవర్ని కదిపినా నూట ఎనభై అనేవారు. బండికి ఆ సత్తా ఉన్నమాట నిజమే, ట్రయల్లో అంత పరుగూ తీసింది. ఇక్కడి పట్టాల మీద మాత్రం దాన్ని నూట ముప్ఫై దాటనివ్వరు. మొదట్లో ఇచ్చిన టైంటేబులు ప్రకారం సుమారు 700 కిలోమీటర్లకి ఎనిమిదిన్నర గంటలు. భాగిస్తే 82. ఈ మూడు అంకెల్లో స్టేషనుకి వచ్చి ఎదురుచూసే తమ్ముడికి కావల్సింది 82. కానీ 82 అంటే ఎవరైనా నోరు తెరిచి వింటారా?

బడి పుస్తకాల్లో దీనికి పేర్లున్నాయి. ఆ క్షణాన ఉన్నది తక్షణ వడి, మొత్తం దూరాన్ని మొత్తం సమయంతో భాగిస్తే వచ్చేది సరాసరి వడి. వడి వేరు, వేగం వేరు అని కూడా తొమ్మిదో తరగతిలో మార్కులు కోస్తారు. రోడ్డు మీద వడి అన్నవాణ్ణి నేనింతవరకూ చూడలేదు. స్పీడు అనే అందాం.

పక్కసీట్లో పెన్ను ఉండనివ్వకండి

ఇది అన్నిటికంటే ముఖ్యమైన సలహా. నా అనుభవమే ఉదాహరణగా చెబుతాను.

ముక్కోటి ఏకాదశి మర్నాడు. మా అత్తగారు ఏకాదశి ఉపవాసం ఉంటారు. మర్నాడు ద్వాదశి ఘడియలు దాటకముందే పారణ చెయ్యాలి, అంటే ఉపవాసం విడిచి భోంచెయ్యాలి. అల్లుడూ కూతురూ కొడుకూ వస్తే అందరం కలిసి కూర్చుందాం అని ఆవిడ కోరిక. మేం ముగ్గురం పొద్దున్న 5:50కి ఎల్బీనగర్ దాటాం. మా ఆవిడ పర్సులోంచి పాత కిరాణా బిల్లొకటి తీసి, వెనక్కి తిప్పి, మోకాలి మీద పెట్టుకుని "ఎల్బీనగర్ 5:50" అని రాసింది. అప్పుడే లాక్కుని బయట పారెయ్యాల్సింది.

చౌటుప్పల్ దాకా మంచు. ఎదర బండి వెనక దీపాలు తప్ప ఏమీ కనపడదు. ఆ తరవాత తెరిపిచ్చింది, ముల్లు వంద దాటింది. నార్కట్‌పల్లి, నకిరేకల్ అన్నీ వెనక్కి పోయాయి. నాకు లోకం చాలా వేగంగా ఉన్నట్టు కనిపించింది. సూర్యాపేటలో టిఫినుకి ఆపితే బిల్లు మీద "సూర్యాపేట 8:00" అని పడింది. అక్కడికి మాకు సుమారు 130 కిలోమీటర్లు, సరిగ్గా సగం దారి.

"బావా, సగటున నూట ఇరవై తగ్గకుండా వెళతానన్నావు కదా" అన్నాడు మా బావమరిది దోసె తుంచుతూ.

"అన్నాను. ఇప్పటిదాకా ఎంతయింది?"

"రెండు గంటల పది నిమిషాల్లో 130. అంటే అరవై."

"సరే. మిగతా సగం నూట ఎనభైలో లాగిస్తే సరి. అరవయ్యీ నూట ఎనభయ్యీ రెండొందల నలభై, అందులో సగం నూట ఇరవై."

సగటు అంటే నాకు తెలిసింది ఇదే. రెండు అంకెలు కలిపి సగం చెయ్యడం. మీకూ ఇంతవరకే తెలిస్తే అదృష్టవంతులు, ఇక్కడితో ఆగిపోండి. అతను ఆగలేదు. సాంబారు గిన్నె పక్కకి జరిపి, తడివేలితో బల్ల మీదే లెక్క వేశాడు. మొత్తం 260 కిలోమీటర్లు నూట ఇరవై సగటుతో వెళ్ళాలంటే పట్టాల్సింది రెండు గంటల పది నిమిషాలు. ఆ రెండు గంటల పది నిమిషాలూ సూర్యాపేట చేరేసరికే ఖర్చయిపోయాయి. "కాబట్టి మిగిలిన 130 కిలోమీటర్లూ సున్నా నిమిషాల్లో వెళ్ళాలి బావా. ఈ దోసె కూడా తినకుండా."

"నూట ఎనభైలో వెళితేనో?"

"నలభై మూడు నిమిషాలు పడుతుంది. మొత్తం మీద సగటు తొంభై తేలుతుంది. మెల్లగా నడిచిన ముక్క మీద ఎక్కువ సేపు ఉంటావు కదా, సగటులో దాని ఓట్లే ఎక్కువ."

ఆ బల్ల మీద నీటి అంకెలు ఆరిపోయేదాకా నేను కాఫీ తాగుతూ కూర్చున్నాను. ఎవరైనా ఇలాంటి లెక్క వేస్తే అదే చెయ్యండి. నీళ్ళతో వేసిన లెక్కకి అంతకన్నా జవాబు లేదు.

కానీ బిల్లు మీద పెన్నుతో రాసింది ఆరదు. మొత్తం జాబితా చివరికి ఇలా తేలింది. సూర్యాపేటలో టిఫిను 35 నిమిషాలు. ఒక టోల్‌గేటు దగ్గర 14 నిమిషాలు. ఫాస్టాగ్‌లో డబ్బులు లేవు, రీచార్జి చేస్తే ఎక్కలేదు, వెనక బళ్ళు హారన్లు, నేను దిగి వాదన. తప్పు గేటుదే అని ఇప్పటికీ నా అభిప్రాయం. చివర గొల్లపూడి దగ్గర్నుంచి బెంజి సర్కిల్ దాకా 12 కిలోమీటర్లకి 40 నిమిషాలు. "బెంజి సర్కిల్ 11:00." మొత్తం ఐదు గంటల పది నిమిషాలు. గంటకి యాభై చిల్లర.

టిఫిను నిమిషాలు లెక్కలోకి రానే రావు అని నేను గట్టిగా వాదించాను. బండి ఆగి ఉన్నప్పుడు బండి తప్పేముంది? అది నడిచినప్పుడు ఎలా నడిచిందో చూడాలి గానీ. "ముల్లు అప్పుడు కూడా ఉంది కదా బావా, సున్నా మీద" అన్నాడు. ముల్లు సున్నా మీద ఉన్నప్పుడు దానికేసి చూడకూడదు అనేది మీకు నా ఉపసలహా.

నూట ముప్ఫై రెండు గురించి

దాన్ని నేను ఎక్కడ కొట్టానో అందరూ అడుగుతారు. కోదాడ దాటాక, రోడ్డు ఖాళీగా దొరికిన చోట. ఆ సుఖం అనుభవిస్తే గానీ తెలియదు. స్టీరింగు సన్నగా వణుకుతుంది, చెట్లు గీతల్లా పోతాయి, మా ఆవిడ పైనున్న పిడి పట్టుకుంటుంది. అలా ఎంతసేపు ఉన్నానో నాకు తెలియదు. వెనకసీటు వాడికి తెలుసు.

"నలభై సెకన్లు బావా. ఆ తరవాత ట్రాక్టరు అడ్డొచ్చింది. నలభై సెకన్లలో దాదాపు కిలోమీటరున్నర వెళ్ళాం. అదే వందలో వెళ్ళుంటే యాభై మూడు సెకన్లు పట్టేది. పదమూడు సెకన్లు మిగిలాయి."

పదమూడు సెకన్లంటే తక్కువేం కాదు. వాటిని దాచుకోండి. టోల్‌గేటు దగ్గర పనికొస్తాయి.

అప్పుడే అతను తన ఫోనులో జీపీఎస్ చూపించాడు. అందులో నూట ఇరవై ఐదే ఉంది. నేను కంగారుపడలేదు, ఫోనుకి ఆ పొలాల్లో సిగ్నలు అందలేదన్నాను. కానీ అతను చెప్పిందేమిటంటే, మీటరు ఎప్పుడూ ఉన్నదానికన్నా తక్కువ చూపించకూడదనీ, కొంచెం ఎక్కువ చూపించినా తప్పులేదనీ ఐక్యరాజ్యసమితి వాహన నిబంధనల్లోనే ఉందట. అందుకని తయారుచేసేవాళ్ళు ముల్లుని ఎక్కువ వైపే మొగ్గేలా పెడతారట. ఎంత ఉదారులు! ప్రపంచంలో మనల్ని ఉన్నదానికన్నా ఎక్కువచేసి చూపించే వస్తువు ఇదొక్కటీ, మేనమామా.

ముల్లు లోపలికి తొంగిచూడకండి

పాత బళ్ళలో గేరుబాక్సు నుంచి ఒక కేబులు వచ్చి మీటరు వెనక చిన్న అయస్కాంతాన్ని తిప్పేది. దాని మీద బోర్లించినట్టు అల్యూమినియం గిన్నె. అయస్కాంతం గిర్రున తిరుగుతుంటే గిన్నెలో సుడి కరెంట్లు పుట్టి గిన్నె కూడా దానివెంట తిరగబోతుంది. జుట్టంత సన్నటి స్ప్రింగు వెనక్కి లాగుతుంది. ఆ లాగులాటలో గిన్నె ఎక్కడ నిలిస్తే ముల్లు అక్కడ. 1902లో ఓటో షుల్జ్ అనే జర్మన్ దీనికి పేటెంటు తీసుకున్నాడు. నా మొదటి స్కూటరులో ముల్లు చలికాలం పొద్దున్న ఇరవైకీ నలభైకీ మధ్య గుమ్మంలో కోడిపిల్లలా గెంతేది. నేను నలభై అనే చెప్పుకునేవాణ్ణి.

ఇప్పటి బళ్ళలో చక్రం దగ్గర పళ్ళచక్రమొకటి, దాని పక్కన సెన్సరు. కంప్యూటరు పళ్ళు లెక్కపెడుతుంది. ఇక్కడే మా బావమరిది నా గుండెలో గునపం దించాడు. లెక్కపెట్టాలంటే కాస్తయినా సమయం కావాలి కదా అన్నాడు. రెప్పపాటులో ఎన్ని పళ్ళు పోయాయో చూసి, ఆ రెప్పపాటుతో భాగించి ముల్లుకి చెబుతుందట. "అంటే నువ్వు కొలుచుకునే ముల్లు చూపించేది కూడా సగటే బావా. బుల్లి సగటు."

మరి అసలు తక్షణ వడి ఏది? ఆ రెప్పపాటుని ఇంకా ఇంకా చిన్నది చేసుకుంటూ పోతే సగటు ఏ అంకెకి దగ్గరవుతుందో అదీ అన్నాడు.

"సున్నా సేపులో బండి సున్నా దూరమే వెళుతుంది కదరా. సున్నాని సున్నాతో ఎలా భాగిస్తావు?"

"అందుకే సున్నా దాకా వెళ్ళరు. దాని దగ్గరికి, ఇంకా దగ్గరికి, అలా వెళుతూ ఉంటారు. చేరరు."

ఆ మాట అంటున్నప్పుడు మేం గొల్లపూడిలో ఉన్నాం. విజయవాడ దగ్గరికి, ఇంకా దగ్గరికి వెళుతున్నాం. చేరడం లేదు. ఆ విషయం ఇంతకన్నా వివరించనక్కర్లేదనుకుంటాను.

పోలీసుల దగ్గర మాత్రం మాట మార్చండి

ఇప్పటిదాకా ముల్లునే నమ్మమన్నాను. స్పీడుగన్ను కనపడగానే సగటుకి మారిపోవాలి. మునగాల అవతల ఒకసారి నన్నాపారు. గన్నులో నూట పద్దెనిమిది. నేను దిగి, ఆ ప్రయాణంలోనూ మా ఆవిడ రాసుకున్న బిల్లు తీసుకుని, దాని మీద వేళలన్నీ ఎస్సైగారికి చూపించాను. "సార్, పొద్దున్నించి నా సగటు యాభై కూడా లేదండి. మధ్యలో ఇడ్లీ కూడా తిన్నాం. నాది నిదానమైన కుటుంబం." జీవితంలో ఆ బిల్లుల వల్ల ప్రయోజనం కలిగే అవకాశం అదొక్కటే. ఆయన ఓపిగ్గా అంతా విన్నారు. "మీరు లారీని గుద్దితే సగటుతో గుద్దరు కదండీ" అన్నారు. చలానా 1,035 రూపాయలు. ఆయనకి వాదనలో నిలకడ లేదు.

దీనికి తిరుగుడు కూడా తెలుసుకోండి. కొన్ని దేశాల్లో రోడ్డు మీద రెండు చోట్ల కెమెరాలు పెట్టి, నంబరు ప్లేటు మొదటిదాన్ని ఎప్పుడు దాటిందో రెండోదాన్ని ఎప్పుడు దాటిందో చూసి భాగిస్తారు. ఇటలీలో 2005 నుంచీ ఉంది, మన ముంబై – పుణె ఎక్స్‌ప్రెస్‌వే మీద 2024లో మొదలుపెట్టారు. కెమెరా కింద మాత్రం నెమ్మదిగా వెళ్ళి తరవాత లాగించే మన పాత విద్య అక్కడ పనిచెయ్యదు. అక్కడ ముల్లు మాట ఎత్తాలి. "నన్ను నూట పదిలో చూసిన కన్ను ఏది? సాక్షి ఏడీ?" అని నిలదియ్యాలి.

సాక్షి ఉన్నాడు అంటాడు మా బావమరిది. పేరు లగ్రాంజ్. ఇంటర్ మొదటి సంవత్సరం లెక్కల పుస్తకంలోనే ఉన్నాడట, మధ్యమ మూల్య సిద్ధాంతం అని. రెండు కెమెరాల మధ్య నీ సగటు నూట పది అయితే, మధ్యలో కనీసం ఒక్క క్షణమైనా నీ స్పీడు కచ్చితంగా నూట పది అయి తీరాలి. ఏ క్షణమో సిద్ధాంతం చెప్పదు, ఎక్కడో చెప్పదు. ఉందని మాత్రం ప్రమాణం చేస్తుంది. చూడని సాక్షి ఇంత గట్టిగా చెప్పడం నేనెక్కడా వినలేదు.

ఇలాంటి రోడ్డు తగిలితే నా సలహా ఒకటే. రెండు కెమెరాల మధ్య ఎక్కడైనా ఆగి టీ తాగండి. అక్కడ టీ లెక్కలోకి వస్తుంది.

పంచాంగం కొని డబ్బు తగలెయ్యకండి

మళ్ళీ ద్వాదశి దగ్గరికి వద్దాం. ముందురోజే మా అత్తగారు ఫోను చేసి "రేపు ద్వాదశి 10:20 దాకానే ఉంది బాబూ, ఆలోపు వచ్చెయ్యండి" అన్నారు. పెద్దవాళ్ళు అలాగే తొందరపెడతారని నేను స్వయంగా లెక్కవేసుకున్నాను. ముప్ఫై తిథులకి సుమారు ఇరవై తొమ్మిదిన్నర రోజులు. భాగిస్తే తిథికి 23 గంటల 37 నిమిషాలు. ద్వాదశి నిన్న మధ్యాహ్నం ఒంటిగంటకి వచ్చింది, కాబట్టి ఇవాళ 12:37 దాకా ఉంటుంది. ఇంకేం, బోలెడంత టైము. నాలుగింటికి బయలుదేరదామని మా ఆవిడ అంటే వద్దని 5:50 చేసింది ఈ లెక్కే.

మేం వెళ్ళేసరికి మామగారు వరండాలో పేపరు చదువుతున్నారు. లోపల వంటింట్లో అంట్లు తోముతున్న చప్పుడు. నేను నా 12:37 చెప్పాను. ఆయన మేకుకి వేలాడుతున్న పంచాంగం తీసి, కళ్ళజోడు ముక్కు మీదికి లాక్కుని, ఆ వరస మీద గోరు పెట్టి చూపించారు. చంద్రుడు సూర్యుడి కన్నా పన్నెండు డిగ్రీలు ముందుకి జరిగితే ఒక తిథి. చంద్రుడేమో భూమికి దగ్గరగా ఉన్నప్పుడు ఉరుకుతాడు, దూరంగా ఉన్నప్పుడు తాపీగా నడుస్తాడు. అందుకని ఒక తిథి ఇరవై గంటలకే అయిపోతుంది, ఇంకోటి ఇరవై ఆరు దాటి సాగుతుంది. నిన్నటిది ఉరికే చంద్రుడు.

"నువ్వు వేసింది మధ్యమ గతి నాయనా. నెల మొత్తానికైతే సరిపోతుంది. ఇవాళ తిథి ఎప్పుడు పోతుందో తెలియాలంటే ఇవాళ చంద్రుడు ఎలా నడుస్తున్నాడో చూడాలి. దాన్ని తాత్కాలిక గతి అన్నాడు భాస్కరాచార్యుడు." ఎప్పుడన్నాడని అడిగాను. 'సిద్ధాంత శిరోమణి' 1150 నాటిదట. ఎనిమిది వందల డెబ్భై ఏళ్ళ పైమాట, మా అత్తగారి పులిహోరకి అడ్డొచ్చింది.

దారంతా సగటు వద్దు ముల్లే ముద్దన్న మనిషి, తిథి దగ్గరికొచ్చేసరికి సగటు ఎందుకు పట్టుకున్నాడని మా బావమరిది మంచినీళ్ళు తాగుతూ అడిగాడు. చంద్రుడికి ముల్లు ఎక్కడుంటుందన్నాను. బండికి ముల్లుంది కాబట్టి ముల్లు, చంద్రుడికి లేదు కాబట్టి సగటు. ఇందులో అర్థంకానిదేముందో నాకు తెలియదు.

మా అత్తగారు చెయ్యి తుడుచుకుంటూ గుమ్మంలోకొచ్చారు. నిన్నటి ఉపవాసం, పొద్దున్నించీ ఎదురుచూపు. చివరికి 10:10కి విస్తరి వేసుకుని ఒక్కరే కూర్చున్నారట. అయినా కోపం లేదు. మాకు వేరే వండి పెట్టారు. పప్పులో నెయ్యి వేస్తూ ఆప్యాయంగానే అడిగారు.

"ఎంతలో వచ్చారు బాబూ?"

మొదటి సలహా నాకే గుర్తొచ్చింది. "నూట ముప్ఫై రెండులోనండి" అన్నాను.

ఆవిడ నెయ్యి గరిటె అలాగే పట్టుకుని గోడ గడియారం కేసి చూశారు, తరవాత నా కేసి చూశారు.

"మరి ఇప్పటిదాకా ఎక్కడున్నారు?"